లెక్కకూ తాత్పర్యం కావాలి

ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నవి. ఆ ఓడ కెప్టెను వయస్సు ఎంత?

ఈ ప్రశ్నకు జవాబు లేదని పాఠకులు ఈపాటికే గ్రహించి ఉంటారు. గొర్రెలకూ మేకలకూ కెప్టెను వయస్సుతో ఎట్టి సంబంధమూ లేదు. అయితే 1980 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్ నగరంలో గణిత బోధనను పరిశీలించే బృందమొకటి ఇదే ప్రశ్నను ప్రాథమిక పాఠశాల పిల్లలు 97 మందికి ఇచ్చి చూసింది. వారిలో 76 మంది ఆ అంకెలనే ఏదో ఒక విధంగా ఉపయోగించి కెప్టెనుకు ఒక వయస్సును నిర్ణయించారు. 26, 10 కలిపితే 36 అవుతుందన్న మాట నిజమే. కూడికలో దోషం లేదు. దోషమల్లా చదవడంలో ఉన్నది. లెక్కల పుస్తకంలోని వాక్యాన్ని అర్థం కోసం చదవనక్కరలేదనీ, అంకెలు ఏరుకుని ఏదో ఒకటి చేస్తే చాలుననీ ఆ చిన్నారులు అప్పటికే నేర్చుకున్నారు.

ఈ ఉదంతాన్ని విని నవ్వుకుని ఊరుకోవడానికి వీలు లేదు. ఎక్కాలు తడుముకోకుండా అప్పజెప్పే పిల్లవాడు, భిన్నాలనూ దశాంశాలనూ క్షణాల్లో కూడగల అమ్మాయి, వాక్యాల రూపంలో ఉన్న లెక్కలు, అనగా వర్డ్ ప్రాబ్లమ్స్, ఎదురుకాగానే తడబడడం మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులు చూసిన విషయమే. అప్పుడు మనం సాధారణంగా చేసే పని ఏమిటి? మరికొన్ని అభ్యాస పుస్తకాలు కొని, శనివారం మరొక గంట కూడికలు, గుణకారాలు చేయించడం. కాలి నొప్పికి చేతికి కట్టు కట్టడం వంటిదే ఇది. బిడ్డకు బాగా వచ్చిన పనినే మళ్ళీ మళ్ళీ చేయిస్తూ, రాని పనిని తాకకుండా వదిలిపెడుతున్నాము. ఫలితంగా కొంతకాలానికి ఆ బిడ్డ తనకు లెక్కలు రావని నమ్మడం మొదలుపెడుతుంది. అసలు నష్టం అది.

గణితాన్ని చదవడం కూడా ఒక విద్య అనీ, దానిని లెక్కల తరగతిలోనే ప్రత్యేకంగా నేర్పవలసి ఉన్నదనీ, అందులో ఇంటి భాషకు ముఖ్యమైన పాత్ర ఉన్నదనీ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

తప్పు ఏ మెట్టు మీద జరిగింది?

1977లో ఆస్ట్రేలియాకు చెందిన ఏన్ న్యూమన్ అనే విద్యావేత్త ఒక చక్కని విశ్లేషణ పద్ధతిని ప్రతిపాదించారు. వాక్యరూపంలో ఉన్న లెక్కను సాధించే పిల్లవాడు అయిదు మెట్లు ఎక్కవలసి ఉంటుందని ఆమె వివరించారు. మొదటిది వాక్యాన్ని పైకి చదవగలగడం. రెండవది చదివినదాన్ని గ్రహించడం. మూడవది గ్రహించినదాన్ని గణిత రూపంలోకి మార్చడం, అనగా కూడాలా, తీసివేయాలా, సమీకరణం వ్రాయాలా అని నిర్ణయించడం. నాలుగవది లెక్క కట్టడం. అయిదవది వచ్చిన ఫలితాన్ని ప్రశ్నకు తగిన జవాబుగా వ్రాయడం. ఈ పద్ధతితో అనేక తరగతులలో పిల్లల తప్పులను పరిశీలించగా, వాటిలో పెద్ద భాగం నాలుగవ మెట్టుకు చేరకముందే జరుగుతున్నట్లు తేలింది. మనం మందు వేస్తున్నది నాలుగవ మెట్టుకు. జబ్బు ఉన్నది రెండవ మెట్టులోనో, మూడవ మెట్టులోనో.

అయిదవ మెట్టు కూడా తక్కువది కాదు. అమెరికాలో పిల్లల విద్యాప్రగతిని జాతీయస్థాయిలో పరీక్షించే నేషనల్ అసెస్‌మెంట్ ఫలితాలపై 1983లో ప్రచురితమైన విశ్లేషణలో ఒక ప్రశ్న ఎంతో ప్రసిద్ధి పొందింది. ఒక సైనిక బస్సులో 36 మంది పడతారు. 1128 మంది సైనికులను తరలించడానికి ఎన్ని బస్సులు కావాలి? 13 సంవత్సరాల వయస్సు పిల్లలలో సుమారు 70 శాతం మంది భాగహారాన్ని సరిగానే చేశారు. 31 సార్లు పోగా 12 మిగులుతుంది. కాని 32 బస్సులు కావాలని వ్రాసినవారు 23 శాతం మాత్రమే. 29 శాతం మంది 31 బస్సులు, శేషం 12 అని వ్రాశారు. 18 శాతం మంది 31 అని వ్రాసి ఊరుకున్నారు. శేషం మిగిలినది అంకె కాదు, 12 మంది మనుషులు అన్న సంగతి వారి దృష్టికి రాలేదు.

మూడవ మెట్టు మీద జారిపడేవారు పెద్దవారిలోనూ ఉన్నారు. విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క ఆచార్యునికి ఆరుగురు చొప్పున విద్యార్థులు ఉన్నారనుకుందాం. విద్యార్థుల సంఖ్యను వి అనీ, ఆచార్యుల సంఖ్యను ఆ అనీ పెట్టుకుని సమీకరణం వ్రాయాలి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇటువంటి ప్రశ్నను 150 మంది మొదటి సంవత్సరం ఇంజనీరింగు విద్యార్థులకు ఇచ్చారు. 1981లో ప్రచురించిన వ్యాసంలో వారు తెలిపిన ప్రకారం, 37 శాతం మంది తప్పు వ్రాశారు. ఆ తప్పులలో అత్యధికం 6 × వి = ఆ అన్న రూపంలోనివే. సరైనది వి = 6 × ఆ. ఆంగ్ల వాక్యంలో ఆరు అన్న మాట, దాని వెంటనే విద్యార్థులు అన్న మాట, ఆ తరువాత ఆచార్యులు అన్న మాట వస్తాయి. వారిలో చాలామంది పదాల వరుసను అలాగే గుర్తులుగా మార్చివేశారు. ఇంజనీరింగులో చేరగలిగిన వారికి గుణకారం రాదనగలమా?

కీలక పదాల మాయ

చాలా తరగతులలో ఒక సులభమార్గం ప్రచారంలో ఉన్నది. మోర్ అన్న మాట కనిపిస్తే కూడుము, లెస్ అన్న మాట కనిపిస్తే తీసివేయుము, ఈచ్ అన్న మాట కనిపిస్తే గుణించుము అని గోడమీద పట్టిక వ్రాసి పెడతారు. వీటిని కీలక పదాలు అంటారు. మొదట్లో ఇవి మంత్రంలాగా పనిచేస్తాయి. తరువాత మోసం చేస్తాయి.

ఉదాహరణకు, రమ దగ్గర 12 పుస్తకాలు ఉన్నవి. రవి దగ్గర ఉన్నవాటి కంటే ఇవి 4 ఎక్కువ. అయితే రవి దగ్గర ఎన్ని పుస్తకాలు ఉన్నవి? ఎక్కువ అన్న మాటను పట్టుకుని కూడిన పిల్లవాడు 16 అంటాడు. వాక్యాన్ని అర్థం చేసుకున్న పిల్లవాడు 8 అంటాడు. ఇటువంటి లెక్కలపై రిచర్డ్ మేయర్, మేరీ హెగర్టీ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు విస్తృతంగా పరిశోధించారు. 1995లో వారు ప్రకటించిన వివరాల ప్రకారం, లెక్కలను సాధించలేనివారు అంకెలపైనా, కీలక పదాలపైనా దృష్టి నిలుపుతారు. సాధించగలవారు వాక్యం వర్ణించే పరిస్థితిని మనస్సులో ఊహించుకుంటారు. మొదటివారు వాక్యంలోంచి అంకెలను పీకుతారు. రెండవవారు వాక్యంలోకి ప్రవేశిస్తారు.

దీనికి తోడు ఆంగ్లంలో నిత్యవ్యవహారంలోని మాటలకే గణితంలో వేరొక అర్థం ఉంటుంది. ప్రాడక్ట్ అంటే దుకాణంలో దొరికే సరుకు, గణితంలో లబ్ధం. ఆడ్ అంటే వింతైనది, గణితంలో బేసి. మీన్ అంటే నిర్దయుడు, గణితంలో సగటు. వాల్యూమ్ అంటే టీవీ శబ్దం, గణితంలో ఘనపరిమాణం. ఇక చిన్న చిన్న మాటలు మరీ ప్రమాదకరమైనవి. ఇరవై శాతం ఆఫ్ అన్నప్పుడు ఆంగ్లంలో చివర ఒక అక్షరం ఉన్నదా, రెండు ఉన్నవా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ఒకదానికి అర్థం ఇరవై వంతులు తీసుకొమ్మని, రెండవదానికి అర్థం ఇరవై వంతులు తగ్గించమని. కథల పుస్తకాన్ని వేగంగా చదివి మెప్పు పొందిన పిల్లలు ఇక్కడే పొరబడతారు. కథలో ఒక మాట జారవిడిచినా కథ అందుతుంది. లెక్కలో ఒక మాట జారితే లెక్కే మారిపోతుంది.

పద్యం చదివినట్లు చదవాలి

మరి ఈ విద్యను నేర్పడం ఎట్లా? తెలుగు దేశంలో చదువుకున్నవారికి ఇందుకు తగిన పద్ధతి చిన్ననాటి నుంచే పరిచయం. తెలుగు వాచకంలో పద్యం వచ్చినప్పుడు మాస్టారు మనచేత ఏమి చేయించేవారు? పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం. పద్యాన్ని చదవగానే భావం చెప్పమనేవారు కాదు. ఏ పదం ఎక్కడ విరుగుతుంది, ఏ పదానికి అర్థమేమిటి, ఏ పదం దేనితో కలుస్తుంది అని చూసిన తరువాతనే తాత్పర్యం.

ఈ పోలిక కేవలం అలంకారం కోసం చెప్పినది కాదు. మన దేశంలో లెక్కలే పద్యాలుగా ఉండేవి. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన పదకొండవ శతాబ్దివాడని పండితుల అభిప్రాయం. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతి కూడా పద్యమయమే. అందులోని తేనెటీగల లెక్కను చూడండి. గుంపులో అయిదవ వంతు ఒక పువ్వు మీదికీ, మూడవ వంతు మరొక పువ్వు మీదికీ, ఆ రెండింటి భేదానికి మూడు రెట్లు వేరొక పువ్వు మీదికీ పోగా, ఒక్క తేనెటీగ మిగిలింది. గుంపులో మొత్తం ఎన్ని?

ఇక్కడ గణితం కంటే ముందు అన్వయం కావాలి. ఆ రెండు అంటే ఏవి? ముందు చెప్పిన రెండు వంతులు. భేదం అంటే మూడవ వంతులోనుంచి అయిదవ వంతును తీసివేయగా మిగిలేది. అది తెలిసిన తరువాత మిగిలినది స్వల్పం. మొత్తం 15 అనుకుని సరిచూస్తే 3, 5, భేదం 2కు మూడు రెట్లు 6, మిగిలినది 1. కలిపితే 15. అన్వయం కుదరనివాడికి ఎన్ని ఎక్కాలు వచ్చినా ఈ లెక్క లొంగదు.

తరగతిలో మూడు పఠనాలు

ఆధునిక విద్యాశాస్త్రం చెబుతున్నదీ ఇంచుమించు ఇదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జార్జి పోల్యా 1945లో వెలువరించిన హౌ టు సాల్వ్ ఇట్ అన్న గ్రంథంలో సమస్యా సాధనను నాలుగు దశలుగా విభజించారు. అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు పరచడం, వెనుదిరిగి చూడడం. మొదటి దశా చివరి దశా పూర్తిగా పఠనానికి సంబంధించినవే. 1984లో ఆనెమరీ పాలింక్సర్, ఆన్ బ్రౌన్ అనే పరిశోధకులు చదివినది అర్థం కాని విద్యార్థుల కోసం నాలుగు అలవాట్లను నేర్పే పద్ధతిని ప్రకటించారు. ముందు ఏమి రాబోతున్నదో ఊహించడం, తమను తామే ప్రశ్నించుకోవడం, తెలియని మాటను తేల్చుకోవడం, చదివినదాన్ని క్లుప్తంగా చెప్పడం. ఇవి పాఠ్యభాగాల కోసం పుట్టినా లెక్కల తరగతికి చక్కగా అమరుతాయి.

వీటన్నింటినీ కలిపి ఈనాడు అనేకమంది ఉపాధ్యాయులు ఒకే లెక్కను మూడుసార్లు చదివిస్తున్నారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక జాకెట్టు వెల 80 డాలర్లు. దుకాణదారు 25 శాతం తగ్గించాడు. తగ్గిన ధరపై 5 శాతం పన్ను ఉన్నది. 100 డాలర్ల నోటు ఇస్తే ఎంత తిరిగి వస్తుంది?

మొదటి పఠనంలో అంకెలను వేలితో మూసివేయాలి. కథ మాత్రమే మిగులుతుంది. ఎవరో జాకెట్టు కొన్నారు, ధర తగ్గింది, పన్ను పడింది, నోటు ఇచ్చారు, చిల్లర రావాలి. అంకెలు కనిపించనప్పుడు ఏరుకోవడానికి ఏమీ ఉండదు కనుక పిల్లలు చదవక తప్పదు.

రెండవ పఠనంలో ఒక్కొక్క అంకె దేనిని సూచిస్తుందో చెప్పించాలి. 80 డాలర్లు పాత ధర. 25 శాతం పాత ధరలో భాగం. 5 శాతం కొత్త ధరలో భాగం. ఇదే ప్రతిపదార్థం.

మూడవ పఠనంలో అడిగినది ఏమిటో తేల్చాలి. ధర కాదు, చిల్లర. ఇక్కడే ఒక అంచనా కూడా వేయించవచ్చును. తగ్గింపు పన్ను కంటే పెద్దది కనుక 80 కంటే తక్కువే ఖర్చవుతుంది, కాబట్టి 20 కంటే ఎక్కువే తిరిగి రావాలి. ఆ తరువాత లెక్క కట్టితే తగ్గింపు 20, కొత్త ధర 60, పన్ను 3, మొత్తం 63, చిల్లర 37. లెక్క అంతా సరిగా చేసి 63 దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి గుణకారంలో శిక్షణ అక్కరలేదు. ప్రశ్నను మళ్ళీ ఒకసారి చదివే అలవాటు కావాలి.

తెలుగు వాక్యం చేసే సహాయం

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు చదువులో వెనుకబడతారేమోనన్న సందేహం ఇంకా కొందరిలో ఉన్నది. లెక్కల విషయంలో జరిగేది ఇందుకు విరుద్ధం కావచ్చును. మన వాక్య నిర్మాణాన్ని కొంచెం పరిశీలించండి.

ఎనిమిదిలోనుంచి అయిదు తీసివేయుము అంటాము. ఎనిమిది ముందు, అయిదు తరువాత. గణితంలో వ్రాసేదీ అదే వరుసలో, 8 – 5. ఆంగ్ల వాక్యంలో అయిదు ముందు వస్తుంది. ఒక సంఖ్య కంటే మూడు తక్కువ అన్నా అంతే. మన మాటల వరుసలోనే సంఖ్య నుంచి మూడు తీసివేసిన రూపం సిద్ధంగా ఉన్నది. విద్యార్థుల సంఖ్య ఆచార్యుల సంఖ్యకు ఆరు రెట్లు అన్న తెలుగు వాక్యాన్ని ఎడమనుంచి కుడికి గుర్తులుగా మార్చితే సరైన సమీకరణమే వస్తుంది.

ఎట్ లీస్ట్ అయిదు అన్నప్పుడు లీస్ట్ అన్న మాట విని చిన్నదని భ్రమపడే పిల్లలు ఉన్నారు. అయిదుకు తగ్గకుండా అంటే భ్రమకు చోటే లేదు. అట్లాగే ఎట్ మోస్ట్ అన్నది అయిదుకు మించకుండా అవుతుంది. ధర ఇరవై పెరిగింది, ధర ఇరవైకి పెరిగింది అన్న వాక్యాలలో ఒక్క కి చేసే తేడాను తెలుగు వచ్చిన పిల్లలు వెంటనే పట్టగలరు.

భిన్నాల సంగతి మరింత ఆసక్తికరమైనది. ఆంగ్లంలో మూడు ముందు చెప్పి నాలుగు తరువాత చెబుతారు. తెలుగులో నాలుగింట మూడు వంతులు. మొత్తాన్ని ఎన్ని భాగాలు చేశామో ముందు, అందులో ఎన్ని తీసుకున్నామో తరువాత. కొరియా భాషలోనూ ఇదే వరుస. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బడిలో భిన్నాలు నేర్పకముందే కొరియా బాలలు అమెరికా, క్రొయేషియా బాలల కంటే భిన్నాల బొమ్మలను బాగా గుర్తించారు. 2003లో వెలువడిన మరొక అధ్యయనం దీనిని పునఃపరిశీలించి, ఆంగ్లంలోనే నాలుగు భాగాలలో ఇన్ని అని విడమరచి చెప్పినప్పుడు అమెరికా బాలలు కూడా మెరుగ్గా గుర్తించినట్లు చూపింది. కనుక గొప్పతనం ఏ జాతి బాలలదీ కాదు, చెప్పిన తీరుది. ఆ తీరు మన ఇంటి మాటలో సహజంగానే ఉన్నది.

ఆంగ్లంలో లెక్కను చదివి, దాన్ని తెలుగులో తిరిగి చెప్పడం ఒక గొప్ప పరీక్ష. అర్థం కాని వాక్యాన్ని మక్కీకి మక్కీగా అప్పజెప్పవచ్చును గాని మరొక భాషలో చెప్పడం సాధ్యం కాదు. సెలవులకు వచ్చిన అమ్మమ్మకో, తాతయ్యకో లెక్కను వివరించమని పిల్లలను అడగండి. ఆ సంభాషణ ఇలా సాగవచ్చును.

"అమ్మమ్మా, సోల్జర్లు 1128 మంది ఉన్నారు. ఒక్కో బస్సులో 36 మంది పడతారు. ఎన్ని బస్సులు కావాలి అని అడిగారు."

"ఎన్ని వచ్చాయిరా నాన్నా?"

"ముప్పై ఒకటి. రిమైండర్ పన్నెండు."

"అదేమిటో నాకు తెలియదు గాని, ఆ పన్నెండుమందీ నడిచి వెళ్ళాలా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఆ మనుమడికి అయిదవ మెట్టు అందుతుంది. అమ్మమ్మకు భాగహారం రానవసరం లేదు. పిల్లవాడి తెలుగు తడబడినా ఫరవాలేదు, మధ్యలో ఆంగ్ల పదాలు దొర్లినా ఫరవాలేదు. కథ చెప్పగలిగితే చాలు.

తల్లిదండ్రులు చేయదగినవి

బిడ్డ తప్పు చేసిన లెక్కను ముందు పెట్టుకుని, న్యూమన్ చెప్పిన మెట్ల ప్రకారం అయిదు ప్రశ్నలు వేయండి. దీన్ని పైకి చదువుతావా? ఇందులో ఏమి అడిగారు? ఎట్లా చేద్దామనుకుంటున్నావు? చేసి చూపిస్తావా? ఇప్పుడు జవాబును పూర్తి వాక్యంలో చెబుతావా? ఏ ప్రశ్న దగ్గర బిడ్డ ఆగిపోతుందో అక్కడే సహాయం అవసరం. నిజంగానే నాలుగవ మెట్టు దగ్గర ఆగితే ఎక్కాలు, అభ్యాసం తప్పకుండా కావాలి. వాటి విలువను ఎవరూ కాదనరు.

ఉపాధ్యాయులను కలిసినప్పుడు మార్కులు ఎన్ని అన్నదానితో సరిపెట్టకుండా, మా అమ్మాయి చదవడంలో ఆగుతున్నదా, లెక్క కట్టడంలో ఆగుతున్నదా అని అడగండి. అమెరికాలో 2010లో వెలువడి అనేక రాష్ట్రాలు స్వీకరించిన కామన్ కోర్ ప్రమాణాలలో గణిత అలవాట్ల జాబితాలో మొట్టమొదటిది సమస్యను అర్థం చేసుకుని పట్టుదలతో సాధించడం. కాబట్టి ఇది కోరరాని కోరిక కాదు. కొత్తగా ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు ఆంగ్లం అడ్డు వస్తే దానిని గణితంలో బలహీనతగా లెక్కించకూడదు. ఆంగ్లం రాని విద్యార్థులకు తగిన సహాయం లేకుండా పాఠం చెప్పడం సమాన అవకాశం కాదని 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికల్స్ కేసులో తీర్పు ఇచ్చింది.

లెక్క కట్టే పనిని యంత్రాలు ఏనాడో అందుకున్నాయి. 2024 నుంచి అమెరికాలో ఎస్.ఎ.టి. పరీక్ష కంప్యూటరు మీదికి మారిన తరువాత గణిత విభాగమంతటా కాలిక్యులేటరును అనుమతిస్తున్నారు. జేబులోని ఫోను సమీకరణాలను సాధించి పెడుతుంది. అయితే ఏమి అడిగారో గ్రహించడం, వచ్చిన జవాబు ఆ ప్రశ్నకు జవాబేనా అని నిలదీయడం మనిషి వంతుకే మిగిలింది. అది నేర్పడానికి ఖరీదైన పుస్తకాలు అక్కరలేదు. ఈ రాత్రి ఇంటిపని చేసే బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు పట్టుకోకముందు ఒక్క లెక్కకు తాత్పర్యం చెప్పమని మీ పిల్లలను అడగండి. జవాబు కంటే ముందు ఆ తాత్పర్యాన్ని మెచ్చుకోండి.